మా అక్క పేరు మీద బాల్టిమోర్‌లో స్కాలర్‌షిప్ పెడతారంట, ఎలా పెడితే పనికొస్తుంది?

కండక్టర్_ఒంగోలు

అందరికీ నమస్కారం. నేను ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసి ఒంగోలు డిపోలో రిటైరయ్యాను. ఇక్కడ చదవడమే కానీ రాయడం తక్కువ. తప్పులుంటే సర్దుకోండి.

మా అక్క కెమిస్ట్రీ టీచరు. పుట్టింది టంగుటూరు దగ్గర పల్లెలో. బీఎస్సీ ఒంగోలు, బీఈడీ నెల్లూరు. 2003లో ఒక ఏజెన్సీ వాళ్లు ఇంటర్వ్యూ చేసి బాల్టిమోర్ తీసుకుపోయారు. అప్పటికి ఆమెకి 42 ఏళ్లు. ఆ వయసులో దేశం మారడం ఏందమ్మా అని మా అమ్మ గోల. అక్కడ ఒక ప్రభుత్వ హైస్కూల్లో 19 ఏళ్లు చెప్పింది. పిల్లలంతా దాదాపు నల్లజాతి వాళ్లే. మాతో మాట్లాడేటప్పుడు ఆమె ఎప్పుడూ ఆ మాట వాడలేదు. "మా పిల్లలు" అనేది. మొదట్లో మేము కన్‌ఫ్యూజ్ అయ్యేవాళ్లం, ఏ పిల్లలు, నీ కూతురా, స్కూలు పిల్లలా అని.

పోయిన డిసెంబర్‌లో అక్క చనిపోయింది. ఆమెతో పనిచేసిన టీచర్లు, ఆమె దగ్గర చదివి ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు కలిసి డబ్బులు పోగు చేశారు. మా మేనకోడలు కొంత వేసింది. మొత్తం 30 వేల డాలర్లు అయ్యాయి. హైస్కూల్ ఆఖరు సంవత్సరంలో ఉన్న నల్లజాతి పిల్లల్లో కాలేజీకి పోయేవాళ్లకి ఏటా ఇద్దామని ఒక కాగితం తయారు చేసి, కుటుంబం వాళ్లు కూడా చూడండి అని పంపారు. మేనకోడలు దాన్ని నాకు వాట్సాప్ చేసి, "మామయ్యా, అమ్మ అయితే ఏమనేదో నువ్వు చెప్పు" అంది.

కాగితంలో ఏముందంటే, ఒక్కరికి 2,500 డాలర్లు, ఒకేసారి. మార్కులు నాలుగుకి మూడు పైన ఉండాలి. 500 మాటల్లో వ్యాసం రాయాలి, "నీ జీవితంలో ఎదురైన కష్టాన్ని ఎలా దాటావు" అని. జూన్‌లో స్కూలు ఫంక్షన్లో స్టేజీ మీద ఇస్తారు.

చదివినప్పటి నుంచి నాకు ఏదో తేడాగా ఉంది. ఎందుకో చెప్తాను.

అక్క టేబుల్ సొరుగులో ఒక కవరు ఉండేది. ఇది ఆమె చెప్పగా నాకు తెలుసు. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసేది, ఆమెకి శనివారం రాత్రి. ఒకసారి ఒక పిల్లకి కాలేజీలో సీటొచ్చింది, మే 1 లోపల 200 డాలర్లు కట్టి సీటు ఖాయం చేసుకోవాలి, వాళ్లమ్మకి జీతం వచ్చేది 3వ తేదీన. రెండు రోజుల తేడా. అక్క కవరులోంచి ఇచ్చింది. ఆ తర్వాత నుంచి కవరు ఎప్పుడూ ఖాళీగా ఉంచలేదు. ఎవరికిచ్చిందో రాసుకునేది కాదు, నెల మాత్రం రాసుకునేది. ఏ నెలలో ఎక్కువ పోతుందో తెలియడానికి. మేనకోడలికి ఆ కవరు దొరికింది. దాని మీద అన్నిటికంటే ఎక్కువ సార్లు ఉన్నవి మే, ఆగస్టు. జూన్ రెండే సార్లు.

ఇంకొకటి. బాల్టిమోర్‌లో పెద్ద క్లాసుల పిల్లలకి పసుపు బస్సులుండవంట, మామూలు సిటీ బస్సుల్లోనే పాస్ చూపించి వస్తారంట. రెండు బస్సులు మారి వచ్చే పిల్లలు ఉన్నార్రా, మొదటి పీరియడ్‌కి ఆలస్యమైతే నేను అటెండెన్స్ వేసేస్తా అనేది. అది వినగానే నాకు మన కొండపి రూటు గుర్తొచ్చేది. బడి మానేసిన పిల్లవాడిని హెడ్మాస్టరు కంటే ముందు పట్టుకునేది కండక్టరు. నెల మొదట్లో పాస్ రెన్యువల్ చేయించుకోడు, నాలుగు రోజులు చిల్లర ఇచ్చి ఎక్కుతాడు, ఐదో రోజు స్టాపులో ఉండడు. అంతే. ఎవరికీ చెప్పడు. అలాంటి పిల్లవాడికి మార్కులు నాలుగుకి మూడు ఎక్కడి నుంచి వస్తాయి?

జ్ఞాపకార్థం అంటే నాకు ఇంకో భయం కూడా ఉంది. మన రూట్లలో ఫలానా వారి జ్ఞాపకార్థం అని పాలరాయి పెట్టిన బస్ షెల్టర్లు చాలా ఉన్నాయి. నేను చూసినవాటిలో సగం దగ్గర మా బస్సు ఆగదు. స్థలం ఉన్నచోట కట్టారు, జనం ఉన్నచోట కాదు.

కాబట్టి నా ప్రశ్నలు. ఈ మార్కుల షరతు, వ్యాసం తీసేయమని అడగొచ్చా? డబ్బు పిల్ల చేతికివ్వాలా, కాలేజీకా? నల్లజాతి పిల్లలకి మాత్రమే అని రాస్తే అక్కడ కోర్టు గొడవలు వస్తాయని ఎవరో మేనకోడల్ని భయపెట్టారంట, నిజమేనా? ఇక్కడ చుట్టాలేమో, సగం డబ్బు ఇక్కడికి తెప్పించి మన పిల్లలకిద్దాం అంటున్నారు, అది కుదిరే పనేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

మూలాపేట_అమ్మాయి

బాబాయ్ గారూ, నాది నెల్లూరు మూలాపేట. మేరీల్యాండ్‌లోనే ఒక కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో 11 ఏళ్లుగా పని చేస్తున్నాను. రోజూ నా టేబుల్ మీదకొచ్చే సంగతే కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను.

ముందు కోర్టు సంగతి. మీ మేనకోడల్ని భయపెట్టినవాళ్లు పూర్తిగా అబద్ధం చెప్పలేదు. ఇదే రాష్ట్రంలో యూనివర్సిటీ ఆఫ్ మేరీల్యాండ్ వాళ్లకి నల్లజాతి విద్యార్థుల కోసం బెనేకర్ స్కాలర్‌షిప్ అని ఉండేది. బెంజమిన్ బెనేకర్ 1731లో ఈ రాష్ట్రంలోనే పుట్టిన నల్లజాతి ఖగోళ పండితుడు, పంచాంగాలు వేసినవాడు. ఆ స్కాలర్‌షిప్‌ని 1994లో ఫెడరల్ అప్పీల్ కోర్టు కొట్టేసింది. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు హార్వర్డ్ కేసులో, సీట్లిచ్చేటప్పుడు జాతిని లెక్కలోకి తీసుకోకూడదని ఇచ్చిన తీర్పు అడ్మిషన్ల గురించే అయినా, చాలా కాలేజీలు స్కాలర్‌షిప్‌ల నియమాలు కూడా తిరగరాసుకున్నాయి. 2024లో అట్లాంటాలో నల్లజాతి మహిళల వ్యాపారాలకి గ్రాంట్లిచ్చే ఒక ప్రైవేటు ఫండ్‌ని కూడా అప్పీల్ కోర్టు ఆపింది. తమాషా ఏమిటంటే అక్కడ వాడింది 1866 నాటి చట్టం. బానిసత్వం నుంచి బయటపడినవాళ్లకి హక్కులివ్వడానికి చేసిన చట్టం అది.

అలాగని నల్లజాతి పిల్లల స్కాలర్‌షిప్‌లు లేకుండా పోలేదు. నల్లజాతి పిల్లల కాలేజీ చదువులకి డబ్బిచ్చే యూఎన్‌సీఎఫ్ అనే సంస్థ 1944లో మొదలైంది, ఇంకా ఉంది. బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్ పోయాక ఆయన భార్య రేచల్ 1973లో ఆయన పేరు మీద పెట్టిన ఫౌండేషన్ ఇంకా నడుస్తోంది. కానీ వాళ్లకి లాయర్లున్నారు, మీకు 30 వేల డాలర్లున్నాయి. మీకు తేలికైన దారి ఒకటుంది. "ఫలానా స్కూలు పిల్లలకి" అని రాయండి. ఆ స్కూల్లో చదివేది ఎటూ ఆ పిల్లలే. ఒకసారి అక్కడి లాయరుకి చూపించి సంతకాలు పెట్టండి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. బయటి నుంచి స్కాలర్‌షిప్ వచ్చిందని తెలిస్తే కొన్ని కాలేజీలు తాము ఇస్తామన్న సాయంలో అంత కోసేస్తాయి. మీరు 2,500 ఇస్తారు, కాలేజీ తన గ్రాంటులో, అంటే తిరిగి కట్టక్కర్లేని సాయంలో, 2,500 తగ్గిస్తుంది, పిల్లకి మిగిలేది మీ అక్కగారి పేరున్న సర్టిఫికెట్. నేను అతిశయోక్తి చెప్పడం లేదు. దీన్ని ప్రభుత్వ కాలేజీల్లో ఆపుతూ 2017లో చట్టం చేసిన మొదటి రాష్ట్రం మేరీల్యాండే. కానీ పిల్ల వేరే రాష్ట్రానికో ప్రైవేటు కాలేజీకో పోతే ఆ చట్టం వర్తించదు. అందుకని చెక్కు రాసేముందు పిల్లనే కాలేజీకి మెయిల్ పెట్టి అడగమనండి, "ఈ డబ్బు వస్తే ముందు నా లోను తగ్గిస్తారా, గ్రాంటు తగ్గిస్తారా" అని. రాతలో జవాబు తెచ్చుకోమనండి.

చెక్కు ఎవరికంటే, ఎక్కువమంది కాలేజీకే పంపుతారు. ట్యూషన్‌కి, పుస్తకాలకి వాడిన స్కాలర్‌షిప్ మీద పిల్లకి పన్ను లేదు. హాస్టలు గదికి, తిండికి వాడితే అది ఆదాయం కిందికొస్తుంది, ఇది చాలామందికి తెలియదు.

మీ అక్కగారి కవరు మీద ఆగస్టు అని ఎందుకుందో నాకు బాగా తెలుసు. జూన్‌లో గ్రాడ్యుయేషన్ గౌను వేసుకుని ఫొటోలు దిగిన పిల్లల్లో కొందరు సెప్టెంబర్‌లో కాలేజీలో కనిపించరు. మేము దానికి సమ్మర్ మెల్ట్ అని పేరు పెట్టాం, వేసవిలో ఐసు కరిగినట్టు. హాస్టల్ డిపాజిట్, అడక్కుండా బిల్లులో వేసే హెల్త్ ఇన్సూరెన్స్, ఒక లాప్‌టాప్. మూడు నాలుగు వందల డాలర్ల బాకీ ఉంటే చాలు, కంప్యూటర్లో పిల్ల పేరు పక్కన హోల్డ్ అని పడుతుంది, క్లాసులకి రిజిస్టర్ కానివ్వదు. బడి ఉంటే ఏ టీచరుకో చెప్పుకుంటారు. సెలవుల్లో ఎవరికి చెప్పుకుంటారు?

---

పెన్నా_ఒడ్డు

కండక్టర్ గారికి నమస్కారం. నేను నెల్లూరులో ఒక కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరయ్యాను. చివరి తొమ్మిదేళ్లు ఎండోమెంట్ బహుమతుల ఫైలు నా దగ్గరే ఉండేది. అమెరికా సంగతి ఆ అమ్మాయి చెప్పింది, నేను వడ్డీ సంగతి చెప్తాను.

1990ల మొదట్లో ఒక పెద్దాయన భార్య పేరు మీద 10 వేలు డిపాజిట్ చేశారు. అప్పట్లో వడ్డీ పది పన్నెండు శాతం. ఏటా వెయ్యి పైన వచ్చేది. ఒక పిల్లకి పరీక్ష ఫీజు, పుస్తకాలు పోను ఒక జత బట్టలు కూడా వచ్చేవి. నేను రిటైరయ్యే నాటికి అదే డిపాజిట్ మీద ఏడొందలు రావడం కష్టమైంది. దాంతో ఏమొస్తుంది? ఒక మెమెంటో. బహుమతి ప్రదానానికి ముఖ్య అతిథికి కప్పే శాలువా దానికంటే ఖరీదు. అయినా అసలు ముట్టుకోకూడదని ఆయన పత్రంలో రాశారు. ఆయన పోయారు, పత్రం ఉంది, మేము ఏమీ చేయలేకపోయాం.

మీ 30 వేల డాలర్లు ఒక ఫౌండేషన్లో శాశ్వత నిధిగా పెట్టి ఏటా నాలుగు శాతం తీస్తే 1,200 వస్తుంది. కాగితంలో మీరు రాసుకున్నది 2,500. లెక్క కుదరడం లేదు చూశారా? శాశ్వతం అనే మాట మీద మోజు పెంచుకోకండి. ఏటా 3 వేలు చొప్పున పదేళ్లలో అసలుతో సహా ఖర్చు పెట్టేసి మూసేయడం కూడా గౌరవమే. మీ అక్కగారిని ఎరిగిన టీచర్లు ఇంకో పదేళ్లు ఉంటారు. ఆ తర్వాత దరఖాస్తులు చదివేవాళ్లకి ఆమె ఎవరో తెలియదు.

పత్రంలో మొత్తం ఇంత అని అంకె వేయకండి. ఆ స్కూలు మూసేసినా, వేరే స్కూల్లో కలిపినా ఏం చేయాలో ఒక వాక్యం రాసుకోండి.

సగం ఇక్కడికి తేవడం గురించి. అమెరికా పౌరులు ఇక్కడి ట్రస్టుకి పంపితే అది విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. కొండపి పిల్లల బస్ పాసుల కోసం ఢిల్లీ దాకా ఎందుకండీ.

---

సూటిగా_సుత్తిలేకుండా

అన్నా ఏమనుకోవద్దు. ఇక్కడ మన పిల్లలు ఫీజు రీయింబర్స్‌మెంట్ పడక సర్టిఫికెట్లు కాలేజీలో ఇరుక్కుని తిరుగుతుంటే, అమెరికా వాళ్లకి మనం స్కాలర్‌షిప్ ఇవ్వడం ఏంది? వాళ్లు మనకివ్వాలి గానీ.

---

కండక్టర్_ఒంగోలు

తమ్ముడూ, ఏమనుకోను. మా ఇంట్లో కూడా ఇదే మాట వచ్చింది. ముందు సంగతి, ఆ డబ్బు మనది కాదు. ఎక్కువ భాగం అక్కడివాళ్లు జేబుల్లోంచి తీసింది. ఆమె దగ్గర చదివిన ఒకాయన ఇప్పుడు సిటీ బస్సు నడుపుతాడంట, వంద డాలర్లు ఇచ్చాడు. ఆయన డబ్బుని టంగుటూరుకి పంపమనే హక్కు నాకెక్కడిది?

రెండోది. "వాళ్లు మనకివ్వాలి" అన్నావు. ఇచ్చారు. మాది బాప్టిస్టు కుటుంబం, మాలపల్లె. మా ముత్తాత పల్లెలో మొదటగా పలక పట్టినవాడు. ఒంగోలులో ఉన్న అమెరికా మిషనరీ క్లౌ దొర గురించి వినే ఉంటావు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో పని ఇప్పించి జనానికి గంజి పోయించినాయన. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తీస్మం తీసుకున్నారు. మతం సంగతి పక్కన పెట్టు, దాని మీద నీకూ నాకూ వేరే అభిప్రాయాలు ఉండొచ్చు. ఆ వెనకాలే బడులొచ్చాయి. ఆ బడులకి డబ్బు పంపింది ఎవరు? అమెరికాలో ఏ ఊరిలోనో చర్చిలో కానుక పళ్లెంలో నాణెం వేసిన ముసలమ్మలు. ఒంగోలు ఏ దిక్కున ఉందో వాళ్లకి తెలియదు.

అంబేద్కర్ గారు 1913లో కొలంబియా యూనివర్సిటీకి పోయింది కూడా బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీదే కదా. నెలకి పదకొండున్నర పౌన్లు, మూడేళ్లు. మా నాన్న ఈ లెక్క తప్పకుండా చెప్పేవాడు, ఆ అర పౌనుతో సహా.

ఇక్కడి పిల్లల సంగతి నేను వదలను. దాని గురించి తర్వాత రాస్తాను.

---

పొదిలి_నుంచి

అంకుల్, నేను ఒకప్పుడు ఇలాంటి జ్ఞాపకార్థం స్కాలర్‌షిప్ తీసుకున్న పిల్లని. ఎవరు ఇచ్చారో చెప్పను, మంచివాళ్లే. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను.

ఇంటర్ ఫస్టియర్‌లో 10 వేలు ఇచ్చారు. తలుపంత చెక్కు చేయించారు, థర్మాకోల్ మీద. నేను ఒక చివర, ఎవరో నాయకుడు ఇంకో చివర పట్టుకున్నాం. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో "నిరుపేద విద్యార్థినికి చేయూత" అని ఫొటో వచ్చింది. హాస్టల్లో ఎవరో దాన్ని కత్తిరించి మెస్ తలుపుకి అంటించారు. ఎగతాళికి కాదేమో, అభిమానంతోనే కావచ్చు. కానీ సంవత్సరమంతా నేను ఆ తలుపులోంచే అన్నానికి వెళ్లాను.

అసలు డబ్బు అకౌంట్లో పడింది నవంబర్‌లో. ఫీజు జూన్‌లో కట్టాలి. నాన్న నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టేశాడు. స్కాలర్‌షిప్‌లోంచి ముందు వడ్డీ కట్టాం.

ఆ కష్టాల వ్యాసం కూడా రాశాను. మా లెక్చరర్ చదివి "ఇంకొంచెం బాధగా రాయమ్మా" అన్నారు. మా ఇంట్లో నవ్వుకునే సంగతులు కూడా ఉన్నాయి, మా నాన్న భలే జోకులు వేస్తాడు. అవన్నీ తీసేసి, అమ్మ కూలికి పోవడం, కరెంటు లేకపోవడం పెట్టాను. కరెంటు ఉంది నిజానికి. పోతూ ఉంటుంది, అంతే. ఆ వ్యాసం నాన్నకి ఇప్పటికీ చూపించలేదు.

మీ అక్కగారు కవరు మీద పేర్లు రాయలేదని చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. వ్యాసం తీయించండి అంకుల్. ఫొటో కూడా.

---

కండక్టర్_ఒంగోలు

అందరి జవాబులూ మేనకోడలికి చదివి వినిపించాను. పొదిలి అమ్మాయి రాసింది చదివేటప్పుడు మధ్యలో ఆపాల్సి వచ్చింది. మేనకోడలు అదంతా ఇంగ్లీషులో రాసి అక్కడి టీచర్లకి పంపింది. నిన్న రాత్రి వాళ్ల మీటింగ్ జరిగింది, నన్నూ వీడియోలో కూర్చోబెట్టారు. నా ఇంగ్లీషు టికెట్ ఇచ్చేంత వరకే, మిగతా మేనకోడలు చెప్పింది.

శాశ్వత నిధి వద్దనుకున్నారు. ఏటా 3 వేలు, పదేళ్లు. అందులో 2 వేలు ఇద్దరు పిల్లలకి చెరి సగం, మిగిలిన వెయ్యి కవరు. అంటే ఆ స్కూల్లో కౌన్సెలర్ దగ్గర ఉంటుంది, మే నుంచి ఆగస్టు దాకా డిపాజిట్‌కో హోల్డ్‌కో అడిగిన పిల్లకి రెండు రోజుల్లో ఇచ్చేటట్టు. నెల మాత్రం రాస్తారు.

మార్కుల షరతు తీసేశారు, పాసై కాలేజీలో సీటొస్తే చాలు. వ్యాసం మీద కొంచెం వాదన జరిగింది. ఏదో ఒకటి రాయించకపోతే ఎలా ఎంచుతాం అన్నారు. నేను ఊరికే ఉండలేక, "స్కూలుకి ఎలా వస్తావు, ఎన్ని బస్సులు మారతావు, దార్లో ఏం చూస్తావు, అది రాయమనండి" అన్నాను. నవ్వారు. నవ్వాక, అదే పెట్టారు.

ఒక్కటి మాత్రం తేలలేదు. మా అక్కతో పాటు అక్కడ ఇంగ్లీషు చెప్పిన పెద్దావిడ ఉంది, నల్లజాతి మనిషే, 70 దాటాయి. నల్లజాతి పిల్లలకి అనే మాట తీసేసి స్కూలు పేరు పెడదాం అంటే ఆవిడ ఒప్పుకోలేదు. ఎవరి కోసమో పైకి చెప్పడానికి మనమెందుకు భయపడాలి అంది. మూలాపేట అమ్మాయి చెప్పినవన్నీ మేనకోడలు చెప్పింది. ఆవిడకి ఆ కేసులు మా కంటే ఎక్కువ తెలుసు. లాయరుని కలిసొచ్చాక మళ్లీ కూర్చుందాం అని లేచారు. నిజం చెప్పాలంటే నా మనసు ఆవిడ వైపే ఉంది, బుర్ర మాత్రం మూలాపేట వైపు.

ఇక ఇక్కడి సంగతి. ఢిల్లీ ఖాతాలు మనకొద్దు. నా పెన్షన్లోంచి నెలకి 2 వేలు తీద్దామనుకున్నాను, మా ఆవిడ సరే అంది. డిపోలో పాస్ కౌంటర్లో కూర్చునే కుర్రాడు నా దగ్గర ట్రైనింగ్ అయినవాడే. సోమవారం పోయి వాణ్ని ఒక్కటే అడుగుతాను. ఈ నెల మన రూట్లో పాత పాస్ ఉండి కొత్తది తీసుకోనివాళ్లు ఎంతమంది, వాళ్ల స్టాపులు ఏవి అని. పేర్లు తర్వాత చూసుకోవచ్చు.